రెప్ప వాలుతోంది, రిపోర్టు మాత్రం నెగటివ్

నెల్లూరు, ప్రకాశం పల్లెల నుంచి తెల్లవారుజామున ఒక మనిషిని రెండు రెప్పలూ వాలిపోయి, మాట ముద్దగా వస్తున్న స్థితిలో ఆసుపత్రికి తెస్తే, డ్యూటీ డాక్టరు ముందుగా అడిగేది "రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" అని. నేల మీదో, కళ్ళం దగ్గరో అని జవాబొస్తే కట్లపాము అనుమానం మొదలవుతుంది. దాని కాటుకు వాపు, మంట పెద్దగా ఉండవు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. విషం మాత్రం నరం కొస కండరాన్ని కలిసే చోటికి వెళ్ళి అక్కడ కబురు అందకుండా చేస్తుంది.

పాము జోలి లేకుండా, మన ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీలు అదే కూడలిలో అదే పని నెలల తరబడి చేస్తే ఆ జబ్బు మయస్థీనియా గ్రేవిస్. కట్లపామును ఊరికే పోలిక కోసం తేలేదు. ఈ జబ్బు యాంటీబాడీల్ని కొలిచే పాత పరీక్ష, ఇప్పటికీ మిగతావాటికి కొలబద్దగా నిలిచే పరీక్ష, నడిచేది కట్లపాము విషంతోనే. తైవాన్, దక్షిణ చైనాల్లో తిరిగే మన కట్లపాము దాయాది ఒకటుంది. దాని విషం నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని 1963లో తైవాన్ శాస్త్రవేత్తలు చాంగ్, లీ వేరుచేశారు. ఆ పేరులో వినపడే బంగారం మనదే. కట్లపాముల జాతికి పెట్టిన 'బంగారస్' అనే లాటిన్ పేరు తెలుగువాళ్ళ 'బంగారు పాము' నుంచి వెళ్ళిందే.

పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే రిపోర్టు ఎక్కడ తప్పుదారి పట్టించగలదో తెలుస్తుంది. నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం మీదున్న రిసెప్టర్లను తాకితేనే కండరం కదులుతుంది. బంగారోటాక్సిన్ ఈ రిసెప్టర్‌ను పట్టుకుంటే దాదాపు వదలదు. ల్యాబులో దానికి రేడియోధార్మిక అయోడిన్ 125 తగిలించి, మనిషి కండరపు రిసెప్టర్లకు అతికించి, ఆ మిశ్రమంలో రోగి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) కలుపుతారు. సీరంలో యాంటీబాడీ ఉంటే రిసెప్టర్‌కు అంటుకుంటుంది. తర్వాత మనిషి ఐజీజీని (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) పట్టుకునే మరో యాంటీబాడీని పోస్తే అంతా గుత్తులు కట్టి అడుగున మడ్డిలా చేరుతుంది. ఆ మడ్డిలో రేడియోధార్మికత ఎంతుందో చూసి, లీటరుకు ఇన్ని నానోమోల్ అని లెక్క రాస్తారు.

ఇందులోనే రెండు చిక్కులున్నాయి. సరిగ్గా విషం కూర్చునే చోటికే గురిపెట్టే యాంటీబాడీ ఉంటే, ఆ చోటు అప్పటికే నిండిపోయి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష దాన్ని వదిలేయవచ్చు. ఇక అయోడిన్ 125 అర్ధాయువు సుమారు 60 రోజులే. కిట్టు ఎక్కువ కాలం నిల్వ ఉండదు, రేడియోధార్మిక పదార్థం వాడటానికి ల్యాబుకు అనుమతి కావాలి. అందుకే చాలా ల్యాబులు రేడియోధార్మికత లేకుండా రంగు మార్పును కొలిచే ఎలైసాతో సరిపెడతాయి. రిపోర్టులో ఫలితం కింద చిన్న అక్షరాల్లో రాసే 'పద్ధతి' అనే వరుసను ఎవరూ చదవరు. చదవాల్సింది ముందు అదే.

ఇప్పుడు రోగి దగ్గరికి వద్దాం. మయస్థీనియాను పసిగట్టేది ఎక్కువసార్లు ఇంట్లోవాళ్ళే, అదీ అన్నం దగ్గర. మొదటి నాలుగు ముద్దలు మామూలుగా నములుతారు. పదో ముద్దకు దవడ జారిపోతుంది, ఎడమ చేత్తో గడ్డం కింద ఆనించి పైకి నొక్కుతూ నములుతారు. మజ్జిగ తాగితే ముక్కులోంచి వస్తుంది. "పొద్దున బాగానే ఉంటా సార్, సాయంకాలమయితే రెప్పలు ఎత్తలేకపోతా ఉండా, ఒకరు ఇద్దరుగా కనపడతా ఉండారు" అని చెబితే సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోయింది. రోహిణి కార్తె ఎండల్లో ఇది ముదురుతుంది, ఏసీ గదిలో కాస్త తేరుకుంటుంది. అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము చలికి మందగించడం దీనికి ఒక కారణం. మూసిన రెప్ప మీద గుడ్డలో చుట్టిన ఐసు ముక్క 2 నిమిషాలు ఉంచి తీస్తే, రెప్ప కనీసం 2 మిల్లీమీటర్లు పైకి లేవడం మయస్థీనియా వైపు గట్టి సూచన. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను వదిలేసి వేల రూపాయల ప్యానెల్ రాయడం ఎందుకో అర్థం కాదు.

వాడేకొద్దీ నీరసం ఎందుకంటే, ప్రతి కబురుకూ నరం అవసరమైనదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ రసాయనం వదులుతుంది. వరసగా కబుర్లు పంపేకొద్దీ వదిలే మోతాదు తగ్గుతుంది. ఆరోగ్యవంతుడికి ఆ మిగులు ఉంది కాబట్టి తేడా తెలియదు. రిసెప్టర్లు సగానికి పైగా పోయినవాడికి మిగులు ఉండదు, పదో ముద్దకే అయిపోతుంది. 1973లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి ఇదే బంగారోటాక్సిన్‌తో రోగుల కండరాల్లో రిసెప్టర్ల సంఖ్య తగ్గిందని చూపించారు. అదే ఏడాది ప్యాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ ఎలక్ట్రిక్ ఈల్ చేప రిసెప్టర్‌ను కుందేళ్ళకు ఎక్కిస్తే అవీ అలాగే సోలిపోయాయి. యాంటీబాడీయే దోషి అని తేలడానికి ఈ రెండూ పునాది.

అసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు ఎక్కువగా ఐజీజీ1, ఐజీజీ3 రకాలు. ఇవి మూడు రకాలుగా చెరుపు చేస్తాయి. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండును పిలిచి కండరం పొరకు రంధ్రాలు పొడిపిస్తాయి. ఒక్కో యాంటీబాడీకి రెండు చేతులుంటాయి కాబట్టి పక్కపక్క రిసెప్టర్లను జతకట్టించి కణం లోపలికి లాగేసేలా చేస్తాయి. కొన్ని మాత్రం రిసెప్టర్‌కు అడ్డంగా కూర్చుంటాయి. మొదటిదే ఎక్కువ నష్టం. అందుకే కాంప్లిమెంట్‌ను ఆపే ఎకులిజుమాబ్ లాంటి మందులు వీళ్ళకు పనిచేస్తాయి.

శరీరమంతా వ్యాపించిన మయస్థీనియాలో 100 మందికి 80 నుంచి 85 మందిలో ఈ యాంటీబాడీ దొరుకుతుంది. జబ్బు కళ్ళకే పరిమితమైనవాళ్ళలో మాత్రం దాదాపు సగం మందిలోనే. రెప్ప వాలి, నెగటివ్ కాగితం పట్టుకుని "జబ్బేం లేదట" అని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువగా ఈ రెండో సగంలోనివాళ్ళు. కంటి జబ్బుకు నెగటివ్ రిపోర్టు చెప్పేది చాలా తక్కువ.

నెగటివ్ వస్తే తర్వాత అడగాల్సింది మస్క్ యాంటీబాడీ. 2001లో బయటపడిన ఈ రకం ఎక్కువగా ఆడవాళ్ళలో వస్తుంది. మింగడం, మాట, మెడ, ఊపిరి ముందుగా దెబ్బతింటాయి, కొందరికి నాలుక సన్నబడుతుంది. ఇది ఐజీజీ4 రకం, స్వభావమే వేరు. కాంప్లిమెంట్‌ను పిలవదు, రెండు చేతులతో రెండు రిసెప్టర్లనూ జతకట్టించదు. రిసెప్టర్లను ఒకచోట గుంపుగా నిలబెట్టే మస్క్ అనే ప్రోటీన్, దాని జోడీ ఎల్ఆర్‌పీ4తో చెయ్యి కలపకుండా మధ్యలో అడ్డుపడుతుంది. గుంపు చెదిరిపోతుంది.

వైద్యం మారిపోయేది ఇక్కడే. రిసెప్టర్ యాంటీబాడీ ఉన్నవాళ్ళకు ఛాతీ సీటీ తప్పనిసరి. వాళ్ళలో 10 నుంచి 15 శాతం మందికి థైమస్ గ్రంథిలో కణితి ఉంటుంది, అది తీసేయాలి. కణితి లేకపోయినా థైమస్ తీయించడం మేలు చేస్తుందని 2016లో వచ్చిన అంతర్జాతీయ ట్రయల్ తేల్చింది. అందులో ఉన్నది 18 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న, జబ్బు మొదలై 5 ఏళ్ళు దాటనివాళ్ళు. మస్క్ రోగికి అదే ఆపరేషన్ చేస్తే లాభం ఉన్నట్టు ఆధారం లేదు, ఛాతీ కోత మిగులుతుంది. అసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా ఆపే పిరిడోస్టిగ్మిన్ 60 మిల్లీగ్రాముల మాత్ర మొదటి రకానికి అరగంట, ముప్పావుగంటలో పట్టి 3, 4 గంటలు నిలుస్తుంది. భోజనానికి అరగంట ముందు వేసుకుంటే నమలడం తేలికవుతుంది. అదే మాత్ర మస్క్ రోగుల్లో చాలామందికి పడదు, కండరాలు అదురుతాయి, నోరూరుతుంది, విరేచనాలవుతాయి. యాంటీబాడీలకు మూలమైన కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ మాత్రం వాళ్ళకు బాగా పనిచేస్తుంది, అయితే ఎక్కించేముందు హెపటైటిస్ బి పరీక్ష చేయకపోతే నిద్రపోతున్న కాలేయ వైరస్‌ను లేపినట్టే. ఎకులిజుమాబ్‌కు మస్క్ రోగుల్లో పనే లేదు, ఆపడానికి అక్కడ కాంప్లిమెంటే లేదు. ఏ యాంటీబాడీ అన్న ఒక్క మాట మీద ఇంత తేడా.

మస్క్ కూడా నెగటివ్ వస్తే? ఎల్ఆర్‌పీ4 అనే మూడోది ఉంది, కొద్దిమందిలో దొరుకుతుంది. దానికంటే ముఖ్యం పద్ధతి మార్చడం. కణాల మీద చేసే పరీక్షలో, పెంచిన కణాల పైపొర మీద రిసెప్టర్లను కండరంలో ఉన్నట్టే గుంపుగా నిలబెడతారు. విడివిడి రిసెప్టర్లకు అంటని బలహీనమైన యాంటీబాడీలు కూడా గుంపుకు అంటుకుంటాయి. మామూలు పద్ధతిలో నెగటివ్ వచ్చినవాళ్ళలో కొందరు ఇందులో పాజిటివ్‌గా తేలతారు. జబ్బు మొదలైన కొత్తలో నెగటివ్ వచ్చి 6 నెలలకో, ఏడాదికో పాజిటివ్ అయ్యేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి లక్షణాలు నిలిచి ఉంటే మళ్ళీ చేయించాలి.

ఇక నమూనా సంగతి. ఒంగోలులోనో, కావలిలోనో, గూడూరులోనో తీసిన రక్తం చాలాసార్లు చెన్నైకో, హైదరాబాదుకో పెద్ద ల్యాబుకు ప్రయాణం చేస్తుంది. పాడయ్యేది దారిలో. సాదా ట్యూబులో 4, 5 మిల్లీలీటర్లు తీసి, అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన సీరంను వేరే ట్యూబులోకి తీయాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి పంపాలి. యాంటీబాడీ గట్టిదే, ఒక రోజు ప్రయాణానికి చావదు. వేరుచేయని రక్తాన్ని మే నెల ఎండలో పార్శిల్ చేస్తే, లేదా గడ్డకట్టిన జెల్ ప్యాక్‌కు ట్యూబు నేరుగా ఆనితే, ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. ల్యాబు తిప్పికొడుతుంది, లేదా చేసి తప్పు చెబుతుంది.

దానికంటే పెద్ద తప్పు సమయంలో జరుగుతుంది. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించాక రక్తం తీస్తే, వేలమంది దాతల యాంటీబాడీలు అందులో కలిసి లేనిది ఉన్నట్టు కనపడవచ్చు. రోగి యాంటీబాడీలను తీసేసే ప్లాస్మా మార్పిడి తర్వాత తీస్తే ఉన్నది లేనట్టు కనపడవచ్చు. రోగి ఊపిరందక వచ్చినప్పుడు రిపోర్టు కోసం వైద్యం ఆపకూడదు. మొదటి బాటిల్ తగిలించేముందు ఒక ట్యూబు అదనంగా తీసి, సీరం వేరుచేసి ఫ్రీజరులో పెట్టుకుంటే చాలు, పరీక్ష ఏదైనా తర్వాత ఆలోచించవచ్చు.

సంఖ్య గురించి. ఒక ల్యాబు 0.5 దగ్గర గీత గీస్తుంది, మరొకటి అంతకంటే కింద. రెండు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. 40 ఉన్నవాడు సైకిలు తొక్కుతూ ఉండొచ్చు, 2 ఉన్నవాడు వెంటిలేటర్ మీద ఉండొచ్చు. ఎందుకంటే పరీక్ష కొలిచేది ఎంత యాంటీబాడీ అంటిందో, అది ఎంత చెరుపు చేస్తోందో కాదు. ఎలైసాలో గీతకు కాస్త పైన వచ్చిన అంకెను, లక్షణాలు కుదరకపోతే, వేరే పద్ధతిలో సరిచూసుకోవాలి. 50 ఏళ్ళలోపు రోగిలో టైటిన్ అనే కండర ప్రోటీన్ మీది యాంటీబాడీ దొరికితే థైమస్ కణితి కోసం ఇంకా గట్టిగా వెతకాలి. పెద్ద వయసులో కణితి లేకుండానే అది ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు.

నరాల పరీక్షలోనూ స్థానికమైన చిక్కు ఒకటుంది. సెకనుకు 2, 3 సార్లు నరాన్ని విద్యుత్తుతో తట్టి, నాలుగో ఐదో స్పందన మొదటిదానికంటే 10 శాతం పైన తగ్గిందా అని చూస్తారు. పరీక్ష గదిలో ఏసీ జోరుగా ఉండి చెయ్యి చల్లబడితే జబ్బు దాక్కుంటుంది. చర్మం 32 డిగ్రీలకు పైన ఉండేలా చేతిని వేడినీళ్ళలో ముంచి తీయాలి. మందు ఆపినా ప్రమాదం లేని రోగికి పిరిడోస్టిగ్మిన్ 12 గంటల ముందు ఆపాలి. చేతి కండరం ఒక్కటే చూసి నార్మల్ అని రాయకూడదు. కంటి జబ్బులో, మస్క్ జబ్బులో చెయ్యి బాగానే ఉంటుంది, ముఖం, భుజం కండరాలు చూడాలి.

కూడలికి అవతలి ఒడ్డున, అంటే నరం కొస వైపు, దాడి జరిగితే అది లాంబర్ట్ ఈటన్ జబ్బు. ఇక్కడ గురి కాల్షియం ద్వారాల మీద. రెప్పల కంటే ముందు తొడలు నీరసిస్తాయి, నోరు ఎండిపోతుంది, కాసేపు బిగించి వాడాక బలం కొద్దిగా తిరిగొస్తుంది. మయస్థీనియాకు తిరగబడిన తీరు ఇది. సగం మందికి పైగా దీని వెనక ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్ ఉంటుంది, పొగతాగడంతో గట్టిగా ముడిపడినది. పొగాకు పండే ఒంగోలు, కందుకూరు పొలాల్లో జీవితమంతా చుట్ట తాగిన 60 ఏళ్ళ మనిషి "కుర్చీలోంచి లేవలేకపోతున్నా" అంటే మోకాళ్ళ నొప్పులని పంపేసే ముందు నోరు ఎండుతోందా అని ఒక్క మాట అడగాలి. కాల్షియం ద్వారాల యాంటీబాడీ పాజిటివ్ వచ్చి సీటీలో ఏమీ కనపడకపోయినా, కనీసం రెండేళ్ళు కొన్ని నెలలకోసారి వెతుకుతూనే ఉండాలి.

నరాల జబ్బుల్లో యాంటీబాడీ పరీక్షలకు ఇంత విలువ ఉండదు. రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే గిలన్ బారీ సిండ్రోమ్‌లో విరేచనాలు తెప్పించే క్యాంపిలోబ్యాక్టర్ సూక్ష్మజీవి పైపొర మన నరాల గాంగ్లియోసైడ్ కొవ్వుల్ని పోలి ఉంటుంది, దాన్ని కొట్టబోయిన యాంటీబాడీ నరాన్ని కొడుతుంది. ఆ కొవ్వుల మీది యాంటీబాడీలను చూసే జీఎం1, జీడీ1ఎ పరీక్షలు ఆసక్తికరమే, వైద్యాన్ని మాత్రం మార్చవు. కాళ్ళు చచ్చుబడి పైకి పాకుతుంటే రిపోర్టు కోసం ఆగరు. ఐవీఐజీ కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు, 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు, అంటే 5 గ్రాముల బాటిళ్ళు 24. ఖర్చు ఎక్కడ పుడుతుందో ఈ లెక్కే చెబుతుంది. కంటి గుడ్లు తిరగకుండా, నడక తూలుతూ, మోకాలి రిఫ్లెక్స్‌లు పోయినవాళ్ళలో జీక్యూ1బి ఒక్కటి నిజంగా ఉపయోగపడుతుంది, ఆ మిల్లర్ ఫిషర్ రకంలో చాలామందికి అది పాజిటివ్.

నరాల పైపొర దెబ్బతిని నెలల తరబడి సాగే సీఐడీపీ అనే జబ్బులో ఐవీఐజీ పట్టని, చేతులు వణికే యువకులుంటే నరంలోని న్యూరోఫాసిన్ 155 అనే ప్రోటీన్ మీది యాంటీబాడీ చూడాలి. అదీ ఐజీజీ4 కుటుంబమే, మస్క్ లాగే రిటుక్సిమాబ్‌కు లొంగుతుంది. అయితే ఈ పరీక్షలకు ముందు మన జిల్లాల్లో చూడాల్సినవి చక్కెర, కుష్ఠు. స్పర్శ లేని మచ్చ ఉందా, మోచేతి వెనక నరం తాడులా తగులుతోందా అని వేళ్ళతో తడిమి చూడకుండా యాంటీబాడీ ప్యానెల్ రాయకూడదు.

కండరం మీద నేరుగా పడే రకంలో ఒకదాన్ని చెప్పి తీరాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడేవాళ్ళలో ఒళ్ళునొప్పులు మామూలే, మందు ఆపితే తగ్గుతాయి. మందు ఆపి రెండు నెలలైనా నీరసం పెరుగుతూ, సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) వేలల్లో ఉంటే, స్టాటిన్ గురిపెట్టే ఎంజైము మీది హెచ్ఎంజీసీఆర్ యాంటీబాడీ అడగాలి. పాజిటివ్ అయితే అది స్టాటిన్ దుష్ఫలితం దశ దాటి సొంత జబ్బయింది, రోగనిరోధక శక్తిని అణచే మందులు కావాలి.

మళ్ళీ మయస్థీనియాకు. నిర్ధారణ అయ్యాక మూడు నెలలకోసారి యాంటీబాడీ అంకె చేయించి తగ్గిందా అని చూడటం డబ్బు దండగ. దానికి బదులు ఇంట్లో రెండు కొలతలు. చేతులు ముందుకు చాచి ఎన్ని సెకన్లు నిలపగలరో, 240 దాటితే బాగున్నట్టు. నిండా ఊపిరి పీల్చి ఒక్క గుక్కలో ఒకటి, రెండు, మూడు అని ఎంతవరకు పైకి లెక్కపెట్టగలరో. ఆరోగ్యవంతులు 50 దాకా వెళతారు. రోజూ 40 చెప్పే మనిషి 20 దగ్గర ఆగితే ఆ రాత్రే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి బయలుదేరాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ఆగకండి, ఈ జబ్బులో ఆక్సిజన్ పడిపోయేది చిట్టచివరన. కొత్తగా స్టెరాయిడ్ పెద్ద మోతాదులో మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లో, జ్వరం వచ్చినప్పుడు ఇలా పడిపోవడం ఎక్కువ.

జ్వరానికి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే జెంటామైసిన్, అమికాసిన్ సూదులు, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, బీపీకి ప్రొప్రనలాల్, సెలైన్‌లో మెగ్నీషియం ఇవన్నీ ఇప్పటికే తగ్గిన మిగులును మరింత తగ్గిస్తాయి. ఈ పేర్లు, దాని పక్కనే 'రిసెప్టర్ పాజిటివ్' లేదా 'మస్క్ పాజిటివ్' అన్న మాట, రాసిన చీటీ ఒకటి ఆధార్ కార్డుతో పాటు జేబులో ఉండాలి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో రోగి మాట ముద్దగా వస్తున్నప్పుడు ఆ చీటీయే మాట్లాడాలి.